పక్క ప్లాటు

బోథ్,
12 జనవరి 1983

చిరంజీవి మధుసూదన్‌కు బావ దామోదర్‌రావు దీవెనలు.

మేమంతా బాగున్నాము. నువ్వు బాగున్నావని నీ ఉత్తరం మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది కాబట్టి నిన్ను అడగను. కరీంనగర్‌లో, జగిత్యాల రోడ్డు పక్కన, రెండు గుంటల జాగలో సొంత ఇల్లు! పునాది కూడా తీశారట. ముగ్గు పోసిన తరువాతనా బావకు చెప్పేది?

నీకు పన్నెండో ఎక్కం నేర్పింది నేను. మేనత్త కొడుకువని కూడా చూడకుండా చెవి మెలిపెట్టి నేర్పాను. ఆ ఎక్కంతోనే నువ్వు ఇప్పుడు బ్యాంకులో కూర్చుని వడ్డీలు లెక్కగడుతున్నావు. నేను బోథ్ హైస్కూల్లో హెడ్మాస్టరునై, కొమురవ్వ ఇంట్లో కిరాయికి ఉంటూ, వేరే పిల్లల చెవులు మెలిపెడుతున్నాను. ఉన్నమాట చెప్తాను, నీ ఉత్తరం చదివి నాకు కడుపు మండింది. మీ అక్క సరళ అదే ఉత్తరం చదివి ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంది. అది చూసి ఇంకా మండింది.

మీ అవ్వకు నేనే చదివి వినిపించాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది. చివర్లో ఒకే మాట అడిగింది.

"ఇంటికి పైసలెక్కడియి బిడ్డా?"

"బ్యాంకు ఇచ్చింది అత్తమ్మా."

"ఊకెనే ఇచ్చిందా?"

"ఇల్లు కుదువ పెట్టుకొని ఇచ్చింది."

ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది. ఆమె పుట్టిల్లు, అంటే మా ఇల్లు, ఎట్లా పోయిందో నీకు తెలియనిది కాదు. మా బాపు దావా నడపడానికి దాన్ని షావుకారుకు కుదువ పెట్టాడు, దావా ఓడిపోయాడు, డప్పు కొట్టించి హరాజు వేశారు. ఆ రోజు పుట్టింటికి వచ్చి ఉన్న ఈ ఆడబిడ్డ వాకిట్లో నిలబడి అంతా విన్నది.

"గా డప్పు సప్పుడు ఇంక నా చెవులల్ల ఉన్నది. కుదువ ఉన్న ఇంట్ల నేను దీపం పెట్ట, పండ. అప్పు తీరినంక వస్త అని రాయి వానికి" అన్నది. రాశాను.

నా పద్ధతి కూడా అదే. నేను పోస్టాఫీసులో కూడబెడుతున్నాను. ముందు జాగ, తరువాత గోడలు, అన్నీ నగదు మీదనే. ఆలస్యమైనా నా ఇల్లు నాదిగా ఉంటుంది. నీ ఇల్లాలు, మా చెల్లె జానకికి నా ఆశీస్సులు.

మీ బావ

*

కరీంనగర్,
2 ఫిబ్రవరి 1983

పూజ్యులైన బావకు మధుసూదన్ నమస్కారాలు.

మీ కడుపుమంట గురించి చదివి జానకి నవ్వింది. మజ్జిగ తాగమని రాయమంది.

బావా, బ్యాంకు షావుకారు కాదు. మా బ్యాంకు తన ఉద్యోగులకు ఇళ్ళ కోసం తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది, నెలనెలా జీతంలో పట్టుకుంటుంది. డప్పు ఉండదు, హరాజు ఉండదు. ఈ సంగతి మీరు నిదానంగా చెప్తే అవ్వ వింటుంది. మీరు చెప్పరని నాకు తెలుసు.

అసలు సంగతి రాస్తాను. మా పక్క ప్లాటు ఖాళీగా ఉంది. ఈ చెలక అంతా ముత్తయ్యది. మీ గురించి చెప్తే, "మీ బావ పంతులట గదా, మంచోడు పక్కకుంటే మంచిదే. గజం ఇరవై అయిదుకు ఇస్త, రమ్మనుండ్రి" అన్నాడు. ఇప్పుడే కొనండి. మీ పీఎఫ్ లోంచి కొంత తీసుకోవచ్చు. ఎందుకు తొందరపెడుతున్నానంటే, మా బ్యాంకులో సగం మంది అప్పుకు దరఖాస్తు పెట్టారు. మంజూరైన రోజు అందరూ జేబులో డబ్బుతో ఇదే చెలకకు వస్తారు. అప్పుడు ముత్తయ్య ఇదే ధర చెప్తాడా?

మీరు మనసులో మాట రాశారు కాబట్టి నేను కూడా రాస్తాను. అవ్వ మీ దగ్గర ఉంటుంది. ఎవరైనా అడిగితే "నేను అల్లుని ఇంట్ల లేను, మా అన్న కొడుకు ఇంట్ల ఉన్న" అంటుందట. ఆ మాటను చుట్టాలు నాదాకా మోసుకొస్తారు. కన్నకొడుకును నేను ఉండగా ఆమెకు అన్న కొడుకు ఎక్కువయ్యాడని నా మొహం చూస్తారు. ఈ ఇంట్లో తూర్పు కిటికీ పెట్టి ఆమె కోసమే ఒక అర్ర కట్టిస్తున్నాను. గృహప్రవేశానికి తీసుకురండి, ఇక్కడే ఉంచేసి వెళ్ళండి.

మీ
మధుసూదన్

*

బోథ్,
20 మే 1983

చిరంజీవి మధుసూదన్‌కు,

క్షేమంగా చేరాము. నిర్మల్ ఘాటులో బస్సు ఆగిపోయి ఆలస్యమైంది, అంతే.

గృహప్రవేశం ఘనంగా చేశావు. ఆడబిడ్డగా మీ అక్క పాలు పొంగించింది, పాలు తూర్పుకు పొంగాయని అందరూ సంతోషించారు. నేను మాత్రం ఆ పొయ్యి కింద గచ్చు చూస్తున్నాను. మొజాయిక్! బోథ్ తహసీల్ ఆఫీసులో కూడా లేదు. మీరంతా బంతిలో కూర్చున్నప్పుడు నేను ఒక్కొక్క కిటికీ తెరిచి మూసి చూశాను, ఎక్కడైనా రెక్క బిగుసుకుంటుందేమోనని. ఒక్కటీ బిగుసుకోలేదు. ఆ బాలమల్లు మేస్త్రి మంచి పనివాడు. అది కూడా నచ్చలేదు నాకు.

అత్తమ్మ సాయంత్రమే సంచి పట్టుకున్నందుకు నన్ను తిట్టుకుంటున్నావేమో. నా తప్పు లేదు. జానకి కాళ్ళు పట్టుకున్నా ఆగలేదు. "ఇల్లు సల్లగుండాలె, పిల్లలు సల్లగుండాలె. నేను మాత్రం ఈడ పండ" అన్నది, నువ్వూ విన్నావు. ఆ రాత్రికి వేములవాడ పోయి సత్రంలో పడుకున్నాము. నీ అప్పు తీరిన రోజు రాజన్నకు కోడెను కడతానని మొక్కింది. తూర్పు కిటికీ అర్ర చూసి మురిసిన మాట నిజమే. చూసి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

పక్క ప్లాటు సంగతి. గజం ఇరవై అయిదు నేను పెట్టను. మొన్నటిదాకా ఆ చెలకలో కందులు పండాయి. మీ బ్యాంకువాళ్ళ వేడి చల్లారాక ముత్తయ్యనే దిగివస్తాడు. మీ అక్క బస్సులో కిటికీ బయటికి చూస్తూ "మనకెప్పుడు?" అని అడిగింది. ధర దిగినప్పుడు అన్నాను.

నువ్వు వెటకారంగా, కొమురవ్వ ఇల్లే కొనుక్కోవచ్చు కదా అన్నావు. నిజమే, ఆమె అమ్ముతానంటోంది. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఎంత చెప్పిందో ఇప్పుడూ అంతే చెప్తోంది. ఎందుకు పెరగలేదని అడిగితే, "ఈడ బ్యాంకోళ్ళు ఎడ్లకిస్తరు, బాయికిస్తరు, గోడలకియ్యరు సార్. నగదున్నోడే కొనాలె. నగదున్నోడు బోథ్‌ల ఎందుకుంటడు?" అన్నది.

కానీ బోథ్‌లో ఇల్లు కొంటే నువ్వు చూసేదెట్లా? నాకు నీ పక్కనే కావాలి. నీ ఇంటికంటే ఒక ఇటుక వరస ఎత్తుగా కావాలి.

మీ బావ

*

కరీంనగర్,
9 అక్టోబర్ 1984

బావకు నమస్కారాలు.

దసరాకు అవ్వను పంపుతారని ఎదురుచూశాను. కాళ్ళనొప్పులని అక్క రాసింది. అవే కాళ్ళతో బోథ్‌లో బతుకమ్మ ఆడిందని కూడా అక్కనే రాసింది.

ఈ ఇంట్లో ఆమె అర్రలో ఇప్పుడు బియ్యం బస్తాలు పెట్టాము. ఖాళీ అర్ర చూడలేక జానకి పెట్టించింది. జీతంలో వాయిదా పట్టుకున్న ప్రతి నెలా నాకు ఒకటే ఆలోచన వస్తుంది. ఇల్లు కట్టింది నేను, వడ్డీ కడుతున్నది నేను, ఆమె దీపం పెట్టేది మాత్రం మీ కిరాయి ఇంట్లో. మీరు పొద్దున్నే లేచి "అత్తమ్మా, చాయ్" అని అడిగితే ఆమె ఇస్తుంది. బావా, మీకు నా మొజాయిక్ గచ్చు మీద ఎంత ఏడుపు ఉందో, నాకు ఆ చాయ్ గిలాస మీద అంత ఉంది.

ఇక ధరల సంగతి. మీరు చల్లారుతుందన్న వేడి పెరిగింది. మా బ్యాంకు ఇప్పుడు కరెంటు ఆఫీసువాళ్ళకు, కాలేజీ లెక్చరర్లకు కూడా ఇళ్ళకు అప్పులిస్తోంది. మమ్మల్ని చూసి పక్క బ్యాంకు కూడా మొదలుపెట్టింది. దుబాయి డబ్బు వచ్చినవాళ్ళు సరేసరి. ముత్తయ్య గజం అరవై చెప్తున్నాడు. మీ ప్లాటు మాత్రం ఆపి ఉంచాడు, అది కూడా నా మొహం చూసి. "పంతులు సారు వస్తడా రాడా? జర తొందరగ చెప్పమనుండ్రి, అడిగెటోళ్ళు మస్తు మంది ఉన్నరు" అంటున్నాడు.

ఒక సలహా. ఎప్పుడు కొన్నా దస్తావేజులో సగం ధరే రాయించండి. ఇక్కడ అందరూ అట్లాగే చేస్తారు. స్టాంపుల ఖర్చు కలిసివస్తుంది.

మీ
మధుసూదన్

*

బోథ్,
14 ఏప్రిల్ 1986

చిరంజీవి మధుసూదన్‌కు,

సెలవు దొరకలేదని నువ్వు బ్యాంకు వదిలి రాలేదు కాబట్టి రిజిస్ట్రేషన్ సంబరం నేనే చెప్పాలి. పక్క ప్లాటు నాదైంది!

ఈ మూడేళ్ళు నేను పడిన అవస్థ నీకు తెలియదు. పోస్టాఫీసులో గజం ఇరవై అయిదుకు సరిపడా జమ అయ్యేసరికి ధర అరవై. అరవైకి సరిపడా జమ చేసేసరికి తొంభై. నేను జీతం లోంచి దాస్తాను, వాళ్ళు బ్యాంకు లోంచి తెస్తారు. బస్సు దగ్గరికి నేను పరుగెత్తుకొచ్చినప్పుడల్లా బస్సు కదులుతుంది. లోపల కూర్చున్నవాళ్ళేమో టికెట్ డబ్బులు తరువాత ఇచ్చేవాళ్ళు. చివరికి వేములవాడ దగ్గర మా వాటాకు మిగిలిన మడి అమ్మేసి, గజం నూటపది పెట్టి కొన్నాను. అత్తమ్మ వద్దనలేదు. అమ్మడం అప్పు కాదు కదా.

ఇప్పుడు అసలు సంగతి విను. దస్తావేజు రాసే ఆయన కలం పట్టుకుని, "యాభై అని రాద్దామా సార్?" అన్నాడు.

"ఎంతకు కొన్నానో అంత రాయండి" అన్నాను.

ముత్తయ్య కంగారుపడ్డాడు. "గట్ల ఎవ్వలు రాయిస్తలేరు సార్. ఊకెనే స్టాంపులకు దండుగ."

"దండుగైతే నాది. రాయి."

అక్కడున్న వాళ్ళంతా నన్నే చూశారు. నువ్వు కూడా ఉంటే బాగుండేది. నువ్వు కొన్న ఏడాది నీ దస్తావేజులో పన్నెండు రూపాయలు ఉందని నాకు తెలుసు. నా దాంట్లో నూటపది. ఆ కాలనీలో ఇంత ధర పెట్టి కొన్నవాడు లేడని సర్కారు కాగితమే చెప్తుంది. అబద్ధం రాయలేదన్న తృప్తి ఒకటి. బామ్మర్దిని మించానన్న తృప్తి ఇంకొకటి. రెండోదే పెద్దదని నీ దగ్గర దాచను.

గోడలకు కావలసిన డబ్బు ఇంకో ఏడాదిలో జమ అవుతుంది. అప్పు లేని ఇల్లు కట్టి మా అత్తను తీసుకొచ్చి నీ కిటికీ ఎదురుగా కూర్చోబెడతాను.

మీ బావ

*

కరీంనగర్,
3 ఆగస్టు 1986

బావకు నమస్కారాలు.

ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండుసార్లు చింపేశాను. మీరు ఎవరి నోటో వినడం కంటే నేను చెప్పడం మంచిదని రాస్తున్నాను.

ఇల్లు కుదువ పెట్టుకునే ముందు మా బ్యాంకు ఒక ఇంజనీరును పంపి జాగకు ధర కట్టిస్తుంది. ఆయన ఆ చుట్టుపక్కల చివరగా రిజిస్టరైన దస్తావేజు చూస్తాడు. ఇన్నాళ్ళూ అందరూ సగం రాయించడం వల్ల బ్యాంకు లెక్కలో మా కాలనీ గజం యాభై దాటలేదు. అప్పు కూడా ఆ మేరకే వచ్చేది. ఇప్పుడు ఆయన మీ దస్తావేజు చూశాడు. "హెడ్మాస్టరు రాయించాడంటే నమ్మవచ్చు" అని కాలనీ మొత్తానికి గజం నూటపది కట్టాడు. ఒక్క రోజులో అందరికీ రెండింతలు అప్పు వచ్చే వీలు కలిగింది. మా బ్యాంకులో మీ పేరు తెలియనివాడు లేడు.

అంతటితో ఆగితే బాగుండేది. ఊళ్ళో మీ దస్తావేజు చూసినవాళ్ళెవరూ అది అసలు ధర అనుకోవడం లేదు. కాగితం మీద నూటపది ఉందంటే, చేతిలో ఇంకా అంత పెట్టి ఉంటారనుకుంటున్నారు. నేను ఎంత చెప్పినా ముత్తయ్య నవ్వుతాడు. కొన్నది ఆయన దగ్గరే, అయినా వచ్చినవాళ్ళతో ఏమంటున్నాడో వినండి. "సారు కాయిదం మీద రాయించిందే నూటపది. బైట ఎంతుండాలె మీరే చెప్పుండ్రి."

ఇప్పుడు గజం రెండు వందలకు బేరాలు అవుతున్నాయి. అప్పులు దొరికినవాళ్ళంతా ఒక్కసారే కట్టడం మొదలుపెట్టారు. ఇటుక దొరకదు, ఇసుక దొరకదు. బాలమల్లు మేస్త్రి కోసం మనుషులు అతని ఇంటిముందు పొద్దున్నే నిలబడుతున్నారు.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ కొత్త ధర మీద నేను కూడా అప్పు పెంచుకున్నాను. పైన అంతస్తు వేస్తున్నాను.

మీ
మధుసూదన్

*

బోథ్,
9 ఆగస్టు 1986

మధుసూదన్,

కావాలనే కార్డు మీద రాస్తున్నాను, పోస్ట్‌మన్ కూడా చదవాలని. నీ మేడ ఎవరి దస్తావేజు మీద లేచింది? నా మడి పోయింది. స్టాంపులకు దండుగ పెట్టింది నేను. పేరు నాది, అంతస్తు నీది. నేను రూపాయి రూపాయి దాచి గోడలకు పెట్టుకున్న డబ్బు ఇప్పుడు పునాదికి కూడా చాలదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. నీకంటే ఒక వరస ఎత్తుగా కడతానన్నాను. నువ్వు నా భుజం మీద కాలు పెట్టి ఒక అంతస్తు ఎక్కావు. నాకు నిద్ర పట్టడం లేదు. నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించను, నువ్వే వచ్చి చెప్పుకో.

దామోదర్‌రావు

*

కరీంనగర్,
25 ఆగస్టు 1986

బావకు,

మీ కార్డు మా వీధి పోస్ట్‌మన్ గంగుబాయి అనే ఆమె టీ కొట్టు దగ్గర నిలబడి చదివాడు. మీ కోరిక తీరింది.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పూర్తి ధర రాయించమని మీకు ఎవరు చెప్పారు? నేను సగం రాయించమని చెప్పాను. నా కంటే పెద్ద అంకె కావాలని మీరే రాయించుకున్నారు. ఆ అంకె ఇంత దూరం నడుస్తుందని నాకూ తెలియదు.

మేడ గురించి నన్ను దొంగలా చూస్తున్నారు. దాన్ని ఎందుకు వేశానో చెప్తాను. పైన రెండు అర్రలు, వంటిల్లు, విడిగా మెట్లు. మీరు రిటైరై వస్తే మీకూ అక్కకూ. కిరాయి లేదు. మీరు పైన ఉంటే మీ వెంట అవ్వ వస్తుంది కదా అన్నది నా ఎత్తు. నాకోసం రాదు, మీకోసం వస్తుంది. మీరు నా ఇల్లు చూసి ఏడుస్తారు, బావా. నేను అప్పు చేసైనా మిమ్మల్ని ఎరగా పెట్టి నా తల్లిని తెచ్చుకోవాలని చూస్తున్నాను. మన ఇద్దరిలో ఎవరి బతుకు ఎక్కువ చిన్నబోయిందో మీరే చెప్పండి.

మీ
మధుసూదన్

*

బోథ్,
18 జనవరి 1987

చిరంజీవి మధుసూదన్‌కు బావ దీవెనలు.

దాదాపు అయిదు నెలలు జవాబు రాయలేదు. కోపం కొంత, సిగ్గు కొంత. నీ ఉత్తరం మీ అక్క చేతికి దొరికింది. చదివి, నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అత్తమ్మకు చదివి వినిపించింది.

మీ అవ్వ అంతా విని నన్ను పిలిచింది. "మీరిద్దరు ఒకల మీద ఒకలు ఏడ్సుకుంట ఇండ్లు కట్టుకుంటున్నరు. నడుమ నేను యాడ పండాలె?" అని అడిగింది. నేను మేడ సంగతి ఎత్తాను. "అది గుడ కుదువనే గదా?" అన్నది. అవునన్నాను.

"నీ తాన ఉన్న పైసలకు ఏమొస్తది?"

"ఒక్క అర్ర వస్తుందేమో అత్తమ్మా. అది కూడా రేకులు వేస్తే."

"మరి ఒక్క అర్రనే కట్టు కొడుకా. నాకెంత గావాలె? పొయ్యి పెట్టుకునేకాడ పొయ్యి, పండుకునేకాడ మంచం. అప్పు లేకపోతే సాలు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. నీ మేడ పక్కన రేకుల అర్ర! మొత్తం కాలనీలో అత్యధిక ధర పెట్టి కొన్న జాగలో! నవ్వరా జనం? అదే అన్నాను. "నవ్వనీ. నవ్వుకు వడ్డీ లేదు" అన్నది.

బాలమల్లును పంపు. మీ అక్క, అత్తమ్మ ఉగాది తరువాత వస్తారు. మీ అక్క అత్తమ్మను కుదురుగా పెట్టి తిరిగి వస్తుంది. నాకు ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఒంటరిగా ఎట్లా ఉంటావని అత్తమ్మను అడిగితే "కొడుకు గోడవతల్నే ఉంటడు గదా" అన్నది. ఆ మాట రాయకూడదనుకున్నాను, రాశాను.

మీ బావ

*

కరీంనగర్,
7 జూన్ 1987

బావకు నమస్కారాలు.

అవ్వ కుదురుకుంది. వాకిట్లో గోంగూర వేసింది, రేకుల మీదికి సొరతీగ పాకించింది. ఎండ తాకిడి తగ్గుతుందట. పొద్దున్నే ఆమె పొయ్యి పొగ మా తూర్పు కిటికీ లోంచి వస్తుంది. ఏ కిటికీ దగ్గర ఆమె కూర్చుంటుందని పెట్టించానో, అదే కిటికీ దగ్గర నేను కూర్చుని ఆమె అర్ర చూస్తుంటాను.

జానకి గోడ మీది నుంచి కూర అందిస్తే తీసుకుంటుంది. మొదటి రోజు భయపడుతూనే ఇచ్చింది. "ఇయ్యి బిడ్డా, కూర మీద అప్పు లేదు గదా" అన్నదట. పిల్లలు అక్కడే పడుకుంటున్నారు. అయిదు అర్రలూ, పైన అంతస్తూ ఉన్న ఇంట్లో మేమిద్దరమే మిగిలాము. నేను కూడా సాయంత్రం బ్యాంకు నుంచి వస్తూనే మా ఇల్లు దాటి, మూల తిరిగి, మీ వాకిట్లోకి పోతున్నాను. మా గేటు పడమటి వీధిలో, మీది తూర్పు వీధిలో. వర్షం పడితే ఆ సందంతా బురద. నిన్న ఆమె నాకు చాయ్ ఇచ్చింది. ఎన్నేళ్ళ తరువాతో లెక్కపెట్టలేదు.

మీ మీద నాకు ఎంత ఓర్వలేనితనం ఉందో మీకు తెలియదు. ఒకే ఒక అర్ర. గచ్చు లేదు, సున్నం కూడా ఒకే పూత. నా ఇంటికి వచ్చినవాళ్ళంతా ముందు మీ అర్రకు పోయి ఆమె కాళ్ళు మొక్కి తరువాత నా దగ్గరికి వస్తున్నారు. బావా, ఆ ప్లాటు నాకు అమ్మండి. ధర మీరే చెప్పండి. బ్యాంకు ఇస్తుంది.

అమ్మకపోతే ఒక్కటి చేయండి. నడిమి గోడలో ఒక చిన్న దర్వాజ పెట్టుకుంటాను. అవ్వను అడిగితే "జాగ మీ బావది, ఆయన్నడుగు" అన్నది.

మీ
మధుసూదన్

*

బోథ్,
21 జూన్ 1987

చిరంజీవి మధుసూదన్‌కు బావ దామోదర్‌రావు దీవెనలు.

ప్లాటు అమ్మను. నువ్వు కొంటే అది కూడా కుదువలో పడుతుంది, మీ అవ్వ మళ్ళీ సంచి పట్టుకుంటుంది. మళ్ళీ ఆ బస్సు, ఆ నిర్మల్ ఘాటు. ఆమె కాళ్ళు ఇక ఓర్వలేవు.

ఇక దర్వాజ. నన్నెందుకు అడుగుతున్నావు? ఆ గోడ నువ్వు కట్టిందే, మీ బ్యాంకుకు కుదువ పెట్టిందే. ఇటుక తీయాలన్నా వాళ్ళ అనుమతి కావాలి. మీ మేనేజరుకు దరఖాస్తు పెట్టుకో. 'మా అవ్వ దగ్గరికి పోవడానికి' అని కారణం రాయి. ఆ అచ్చు కాగితాల్లో అట్లాంటి గడి ఉందో లేదో!

వెటకారం అయిపోయింది. ఇప్పుడు నిజం రాస్తాను. ఇన్నేళ్ళు నీ ఇల్లు చూసి ఏడ్చాను. అప్పు లేని అర్ర కట్టి నిన్ను గెలిచాననుకున్నాను. మీ అక్క తిరిగి వచ్చిన రోజు పొద్దున లేచి, అలవాటుకొద్దీ "అత్తమ్మా, చాయ్" అని పిలిచాను. మీ అక్క వంటింట్లోంచి చాయ్ తెచ్చి పెట్టింది. మంచి చాయే. ఇద్దరం తాగలేకపోయాము. కొమురవ్వ కూడా "ముసలమ్మ లేకపోతే ఇల్లు ఇల్లుతీరు లేదు సార్" అంటోంది. మడి అమ్మి, ఊరందరి ధరలు పెంచి, ఉన్న డబ్బంతా పెట్టి, ఆమెను తీసుకుపోయి నీ గోడవతల దించి వచ్చాను. ఇప్పుడు సాయంత్రం పూట ఆమె చేతి చాయ్ నీకు అందుతుంది. అది తలుచుకుంటే నీ మొజాయిక్ గచ్చు చూసినప్పటి కంటే ఎక్కువ మండుతోంది.

అయినా బురదలో తిరగకు. బాలమల్లుతో చెప్పి దర్వాజ పెట్టించు, నేను ఒప్పుకున్నట్టే. కానీ గొళ్ళెం మాత్రం నా జాగ వైపు పెట్టించు. ఆమె దాన్ని ఎప్పుడూ వెయ్యదని నాకు తెలుసు. అయినా నా వైపే ఉండాలి.

మీ బావ